జారుడు దీపం

ముసునూరు
7 జూలై 2025, సోమవారం

చెల్లెమ్మ మగ్దలేనకి అన్నయ్య ఆరోగ్యం రాస్తున్నది.

అసలు ఈ ఉత్తరం రాయకూడదనే అనుకున్నాను. శనివారం మధ్యాహ్నం కారు తెచ్చి మా వాకిట్లో నిలబెట్టావు. తాళాలు మీ వదిన తబితా చేతిలో పెట్టావు. నేను అటక మీద మామిడి అట్టపెట్టెలు సర్దుతూ "ఎవరది?" అనేలోపు బస్సెక్కి చింతలపూడి వెళ్లిపోయావు. తాళాలకి ఒక చీటీ కట్టి ఉంది. "అన్నయ్యా, దీపం వెలుగుతోంది. ఎందుకో ఇంట్లోనే చూడు. ఆగస్టు మొదటి ఆదివారంలోగా ఆరకపోతే హరీష్ కారు అమ్మేస్తాడు." అంతే. ఏ దీపమో లేదు, ఎప్పట్నుంచో లేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకి సైన్సు చెప్పినదానివి. పరీక్షలో ఎవడైనా ఇలా రాస్తే నువ్వే సున్నా వేసేదానివి.

ఫోనులో అడుగుదామంటే నా చెవుల సంగతి నీకు తెలుసు. అవతలివాళ్లు కారు అంటే నాకు కూర అని వినపడుతుంది. పైగా నువ్వెక్కడున్నావో తనకి తెలిసేలా నీ కొడుకు హరీష్ నీ ఫోనులో ఏదో పెట్టాడట. ఏలూరులో కూర్చుని తల్లిని మేకపిల్లలా కాస్తున్నాడు. అందుకని ఉత్తరమే నయం. కోడిగుడ్ల వ్యాను పెద్దిరాజు సోమవారం అటు వస్తాడు, గురువారం ఇటు వస్తాడు. గుడ్లు పగలకుండా తెచ్చేవాడు ఉత్తరం నలగకుండా తేలేడా?

దీపం చూశాను. స్టీరింగ్ వెనక డాష్‌బోర్డులో కారు బొమ్మ, దాని వెనకాల రెండు పాములు పాకినట్టు మెలికల గీతలు. జారిపోతున్న కారన్నమాట. దీన్ని జారుడు దీపం అందాం. దాని మీద సగం చిరిగిన స్టిక్కరు ఒకటి కనపడింది. మన కాయల మీద అంటిస్తామే, ఆ గుండ్రటి స్టిక్కరు. దీపం వెలిగితే కారణం వెతుకుతారు గాని, మూత పెడతారా? రేపు నీకు జ్వరమొస్తే థర్మామీటరు మీద కూడా స్టిక్కరు వేసేట్టున్నావు.

కంపెనీ వర్క్‌షాపుకి హరీష్ ఫోను చేస్తే "మొత్తం యూనిట్ మార్చాలి సార్" అన్నారని తబితా చెప్పింది. కారు చూడకుండానే! ఇస్త్రీ చొక్కాల డాక్టర్లు. వెనకటికి మన ఊళ్లో ఆర్.ఎం.పి. ఒకాయన ఉండేవాడు, ఆయన కనీసం నాలుక చాపమనేవాడు. నేను ఎనిమిదో తరగతి తప్పినవాణ్నే. పకోడీలు కట్టిన కాగితాల మీద ఇంగ్లీషు నేర్చుకున్నాను. అయినా పంపు మోటారు దగ్గర్నుంచి తబితా మిక్సీ దాకా నేను విప్పి బిగించనిది ఈ ఇంట్లో లేదు.

నా అనుమానం ఇప్పుడే చెప్పేస్తున్నాను. నువ్వెక్కడో గుద్దావు. గుద్ది చెప్పడం లేదు.

మూడు వాక్యాల చీటీకి ఇంత జవాబిచ్చిన
నీ అన్నయ్య

*

చింతలపూడి
10 జూలై, గురువారం

అన్నయ్యకి,

నీ ఉత్తరంలో కారు గురించి ఉన్నది ఏడు వాక్యాలు. మిగతాదంతా పకోడీలు, మిక్సీ, ఆర్.ఎం.పి.

నేను దేన్నీ గుద్దలేదు. గోడని గాని, గేదెని గాని, గుంతని గాని. మేలో వారం రోజులు కాయలు చేరవెయ్యడానికి కారు నువ్వే తీసుకెళ్లావు. నెలాఖరున తిరిగిచ్చావు. జూన్ మొదటి వారంలో దీపం చూశాను. అంతకు ముందు వెలిగిందో లేదో తెలీదు, ఆ ఎండలకి డాష్‌బోర్డు మీద ఏదీ కనపడేది కాదు. కారు బాగానే నడుస్తోంది కదా అని స్టిక్కరు వేశాను. హరీష్ వచ్చినప్పుడు చూస్తాడని వేశాను. చూశాడు.

నువ్వు వాణ్ని వెక్కిరిస్తున్నావు గాని, వాడి భయం నీకు తెలుసు. మీ బావగారు పోయిన రోజు కూడా వానే. కల్వర్టు దగ్గర స్కూటరు జారింది. వాడికి అప్పుడు పదహారు. స్టిక్కరు గోకి ఆ బొమ్మ చూసి, "అమ్మా, ఇది జారిపోతున్న బొమ్మ. దీని మీద మామిడికాయ అంటించావా?" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇంక వద్దమ్మా, ఎక్కడికైనా వెళ్లాలంటే ఆటో మాట్లాడతాను" అన్నాడు.

నలభై ఏళ్లు ఒకరు తీసుకెళ్తే వెళ్లాను, దింపితే దిగాను. అరవయ్యో ఏట లైసెన్సు తెచ్చుకున్నాను. మా బడిలో తెలుగు చెప్పిన సౌభాగ్యలక్ష్మి నీకు తెలుసుగా, మోకాళ్లు పోయి బస్సు మెట్టు ఎక్కలేదు. ప్రతి గురువారం ఆమెని ఎక్కించుకుని విస్సన్నపేట దాకా వెళ్తాను. పని ఏమీ ఉండదు. ఒక పెసరట్టు తింటాం, తోటలు చూస్తాం, తిరిగొస్తాం. ఇవాళ గురువారం. కారు లేదని తెలిసి కూడా ఆమె చీర మార్చుకుని అరుగు మీద కూర్చుంది.

అందుకని నీ అనుమానాలు అటక మీద పెట్టి పని చూడు. కారుతో వచ్చిన పుస్తకం చదివాను. ఆ దీపం వెనక ఉన్న యంత్రం నాలుగు సంగతులు వింటుంది. ఒక్కొక్క చక్రం ఎంత వేగంగా తిరుగుతోంది, స్టీరింగ్ ఎంత తిప్పారు, కారు నిజంగా ఎంత తిరుగుతోంది, కారు మీద ఎటువైపు నుంచి ఎంత తోపు పడుతోంది. స్టీరింగ్ ఒకటి చెప్పి కారు ఇంకొకటి చేస్తే జారుతోందని అర్థం చేసుకుని బ్రేకు తనే పట్టుకుంటుంది. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అబద్ధం చెప్తోంది. ఏదో పట్టుకో. పట్టిక గీసి రాయి. కథలు రాయకు.

ఎవరినీ గుద్దని
మగ్దలేన

*

ముసునూరు
14 జూలై, సోమవారం

సైన్సు టీచరమ్మకి,

పట్టిక గీశాను, వెనక పేజీలో ఉంది. తబితా దాని మీద కాఫీ గ్లాసు పెట్టింది, ఆ గుండ్రం లెక్కలోకి తీసుకోకు.

నూజివీడు వెళ్లి ఆటో స్పేర్సు కొట్టులో చిన్న ప్లగ్గు ఒకటి తెచ్చాను. అగ్గిపెట్టెంత ఉంటుంది. స్టీరింగ్ కింద గుచ్చితే కారు లోపలి అంకెలన్నీ తబితా ఫోనులో కనపడతాయి. కొట్టువాడు "మీ అబ్బాయి కోసమా అండీ?" అన్నాడు. "కాదు, మా చెల్లెలి అబద్ధాలు పట్టుకోవడానికి" అన్నాను.

ముందు చక్రాలు. మూడింటి కింద రాళ్లు పెట్టి, నాలుగోదాన్ని జాకీతో లేపి చేత్తో తిప్పాను. తబితా ఫోను చూస్తూ "మూడు, నాలుగు, మళ్లీ మూడు" అంటూ చెప్పింది. అలా నాలుగూ అయ్యాయి. ప్రతి చక్రం దగ్గరా సెన్సారు ముక్కుకి ఎర్రమట్టి పట్టి ఉంది, పళ్లు తోమే బ్రష్షుతో తోమాను. బ్రష్షు ఎవరిదని తబితా అడిగింది. తరవాత చెప్తానన్నాను.

తరవాత స్టీరింగ్. నిటారుగా పెడితే సున్నా. ఎడమకి కొసాకీ తిప్పితే ఐదు వందల ఇరవై, కుడికి తిప్పితే మైనస్ ఐదు వందల పద్దెనిమిది. రెండు తేడా. ఈ ఊళ్లో రెండు తక్కెళ్ల మధ్య అంతకంటే ఎక్కువ తేడా ఉంటుంది. కాబట్టి స్టీరింగ్ నిజమే చెప్తోంది.

ఇక్కడ నాకు సీతారామాంజనేయులు గుర్తొచ్చాడు. ఎనభైల్లో మన కాయల లారీ నడిపేవాడు. రాత్రీ పగలూ నాగపూర్ దాకా వెళ్లొచ్చేవాడు. లోడు ఒక పక్కకి ఒరిగితే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. "నడుము చెప్తోంది ఆరోగ్యం, ఎడం పక్క తాడు వదులైంది" అనేవాడు. దిగి చూస్తే నిజమే. ఇప్పుడు అదే పని చెయ్యడానికి కారుకి ఒక డబ్బా, డబ్బాకి ఒక దీపం, దీపానికి నీ స్టిక్కరు. అతని నడుముకి మాత్రం ఎవరూ యూనిట్ మార్చాలనలేదు.

చక్రాలు బాగున్నాయి, స్టీరింగ్ బాగుంది. మిగతా రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి, సీట్ల మధ్య మోచెయ్యి ఆనించుకునే డబ్బా కింద. పెట్టె ఊరికే పోదు. దెబ్బ తగిలితే పోతుంది. శనివారం హరీష్ తబితా ఫోనుకి చేస్తే, వాడి మాట తబితా నా చెవిలో అరిచి చెప్పింది. "ఏంటి మావయ్యా, తేలిందా?" అన్నాడు. అడిగాడు కాబట్టి చెప్పాను. "మీ అమ్మ ఎక్కడో గుంతలో దింపి ఉంటుందిరా" అన్నాను. నాకు తోచింది దాచుకునే అలవాటు లేదు.

నిజం చెప్పడమే నేరమైన
ఆరోగ్యం

*

చింతలపూడి
17 జూలై, గురువారం

ఆరోగ్యం గారికి,

అన్నయ్యా అని రాయబోయి కొట్టేశాను.

నీ ఉత్తరం నాకు అందేలోపే నీ మాట హరీష్‌కి అందింది. ఆదివారం వచ్చాడు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుని, "అమ్మా, గుంతలో దించానని నాతో చెప్తే నేనేమన్నా అంటానా? దాచడం ఎందుకు?" అన్నాడు. దించలేదన్నాను. "మావయ్య చూసి చెప్పారు కదా" అన్నాడు. నువ్వు చూశావట! కారు కింద దూరి నా అబద్ధాన్ని కళ్లారా చూశావట!

విస్సన్నపేటలో రాఘవయ్య అనే ఆయన్ని మాట్లాడాడు. అల్లుడికి కారు కావాలట. ఆగస్టు మూడో తారీకు ఆదివారం ఇద్దరూ మీ ఇంటికే వచ్చి చూస్తారు. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తాననలేదు. నా కారు అమ్ముతుంటే పక్కన నిలబడి కాఫీలు అందించలేను.

నాకిప్పుడు అర్థమైంది. లైసెన్సు తెచ్చుకున్న రోజు నువ్వేమన్నావో మర్చిపోలేదు. "ఈ వయసులో నీకెందుకే, రోడ్డు మీద మిగతావాళ్ల సంగతి ఆలోచించు" అన్నావు. అందరూ నవ్వారు. దీపం నీకు సాకు. నువ్వు మొదట్నుంచీ హరీష్ పక్షమే. ఈ సంగతి సౌభాగ్యలక్ష్మికి చెప్తే, "మీ అన్నగారికి వ్యాకరణం రాకపోయినా తీర్పులు మాత్రం బాగా వచ్చండీ" అంది.

నాలుగింటిలో రెండు పరీక్షించి తీర్పు చెప్పావు. నా తరగతిలో ప్రయోగం సగంలో వదిలేసినవాళ్లని ఎండలో నిలబెట్టేదాన్ని. నీలో ఏమైనా న్యాయం మిగిలి ఉంటే ఆ మిగతా రెండూ చూడు. కారు కదలకుండా ఉన్నప్పుడు అంకె ఎంత, నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతున్నప్పుడు ఎంత. ఉన్నది ఉన్నట్టు రాయి. అర్థం నేను చెప్తాను.

మగ్దలేనమ్మ, రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్

*

ముసునూరు
21 జూలై, సోమవారం

రిటైర్డ్ స్కూల్ అసిస్టెంట్ మగ్దలేనమ్మ గారికి,

చిత్తం. సగంలో వదిలెయ్యలేదు. వదిలేద్దామనుకున్నాను గాని, నీ ఉత్తరం తబితా కూడా చదివింది. చదివి నాకు రెండు పూటలు పచ్చడే వడ్డించింది. నేను హరీష్ పక్షం కాదు, ఎవరి పక్షమూ కాదు. ఆ ముక్క నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

సీజను అయిపోయింది కదా, షెడ్డు ముందు జాగా ఖాళీగా ఉంది. కారు అక్కడికి తీసుకెళ్లాను. తబితా పక్క సీట్లో ఫోను పట్టుకుని కూర్చుంది. ఆ పెట్టె చెప్పే అంకెల్లో మొదటిదాని పేరు ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివితే "యావ రేటు" అని వచ్చింది. కారు ఎంత తిరుగుతోందో చెప్పేది అదేనట. పేరు మాత్రం నీకు సరిపోయింది. కారు యావ నీకు ఎంత రేటున ఉందో ఊరందరికీ తెలుసు.

స్టీరింగ్ ఎడమకి కొసాకీ తిప్పి, జాగాలో గుండ్రంగా నడిపాను.

"ఎంతే?" అన్నాను.

"సున్నా" అంది.

"ఇప్పుడు?"

"సున్నాయే."

"తిరుగుతున్నాం కదే!"

"నాకు తల తిరుగుతోంది. దీనికి మాత్రం ఏమీ తిరగడం లేదు."

కుడికి తిప్పినా అంతే. పదకొండు చుట్లు తిరిగాం. షెడ్డు కాపలా కుక్క మూడు చుట్లు మా వెంట తిరిగి, మమ్మల్ని వదిలేసి పడుకుంది. యావ రేటు సున్నా, దశాంశం తరవాత ఏవో తుంపులు.

రెండోది తోపు. పక్క తోపు సున్నా, అది బాగానే ఉంది. ముందువెనకల తోపు చూస్తే తొమ్మిది పాయింట్ ఎనిమిది! హ్యాండ్ బ్రేకు వేశాను. ఇంజను ఆపాను. చక్రాల కింద రాళ్లు పెట్టాను. కిందికి దిగి నిలబడ్డాను. అయినా తొమ్మిది పాయింట్ ఎనిమిదే. కారు రాయిలా నిలబడి ఉంటే ఆ పెట్టె విమానంలా దూసుకుపోతున్నానంటోంది. గుండ్రంగా తిరిగితే మాత్రం కదల్లేదంటోంది. ఇంత నిబ్బరంగా అబద్ధం చెప్పేవాళ్లని నేను ఎన్నికలప్పుడు తప్ప చూడలేదు.

నువ్వు అర్థం చెప్తానన్నావు గాని, ఇందులో చెప్పడానికేం లేదు. పెట్టె చచ్చిపోయింది. రాఘవయ్యకి ఇచ్చెయ్యడమే మంచిది. ఆయన అల్లుడు ఎలాంటివాడో నాకు తెలీదు.

పదకొండు చుట్లు తిరిగిన
ఆరోగ్యం

*

చింతలపూడి
24 జూలై, గురువారం

అన్నయ్యా,

పెద్దిరాజు వ్యాను తిరిగి వెళ్లడానికి పావుగంట ఉంది. అతను గుడ్ల అట్టలు దింపుతున్నాడు, నేను గుమ్మంలో నిలబడి రాస్తున్నాను.

నీ ఉత్తరం ఇప్పటికి నాలుగుసార్లు చదివాను. తొమ్మిది పాయింట్ ఎనిమిది. ఆ అంకె నేను ముప్పై నాలుగేళ్లు నల్లబల్ల మీద రాశాను. అది పెట్టె కల్పించింది కాదు. భూమి లాగే లాగుడు. కింద పడే ప్రతి కాయ మీదా ఉండే లెక్క అదే. కదలని వస్తువుకి ఆ లాగుడు కింది నుంచి మీదికే తెలియాలి. ముందువెనకల తెలుస్తోందంటే, పెట్టె దృష్టిలో ముందు అనేది ఆకాశం వైపు ఉందన్నమాట. కారు తోక మీద నిలబడి పైకి చూస్తోందని అది అనుకుంటోంది. అందుకే నువ్వు గుండ్రంగా తిరిగితే దానికి తెలియలేదు. అది కనిపెట్టే తిరుగుడు వేరే దిక్కున ఉంది.

పెట్టె చావలేదు అన్నయ్యా. నిజమే చెప్తోంది. దాన్ని ఎవరో తప్పుగా కూర్చోబెట్టారు.

మధ్య డబ్బా విప్పి చూడు. పెట్టె మీద ఏదో ఒక గుర్తు ఉంటుంది. ఏ గుర్తు, ఎటు ఉంది, అంతే రాయి. పదిరోజులే ఉంది.

మగ్దలేన

*

ముసునూరు
28 జూలై, సోమవారం

చెల్లెమ్మా,

తిరిగి అన్నయ్యనయ్యాను, సంతోషం.

నువ్వు కొత్త సిద్ధాంతం కనిపెట్టావు గాని, అది తప్పు. విప్పి చూశాను. గుర్తు ఉంది. తెల్లటి బాణం గుర్తు. అది సరిగ్గా, నిటారుగా, పైకే ఉంది. వేలెడు కూడా వంకర లేదు. నలభై ఏళ్లు మామిడి అట్టపెట్టెలు సర్దినవాణ్ని. పెట్టె మీద బాణం ఎటుండాలో నాకు చెప్పాలా? తొంభై ఆరులో ఎవడో మూఢుడు రెండు వందల పెట్టెలు బాణం కిందికి పెట్టి లారీకెక్కించాడు. ఢిల్లీ వెళ్లేసరికి తొడిమ సొన కాయలన్నిటి మీదా కారి మచ్చలు పడ్డాయి. ఆ రోజు నుంచి నా చేతిలోంచి బాణం పైకి లేకుండా ఒక్క పెట్టె పోలేదు.

ఈ పెట్టె సంగతీ అంతే. నీకు చెప్పలేదు గాని, మేలో చిన్న రసాల పెట్టె ఒకటి మధ్య డబ్బా మీద పెట్టుకొస్తుంటే, బ్రేకు వేసినప్పుడు పగిలింది. రసం లోపలికి కారింది. మర్నాటికి చీమలు. డబ్బా విప్పి, ఈ పెట్టె కూడా ఊడదీసి, తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాను. దాని కింది రేకు జిగటకి పట్టేసి, లాగితే వంగింది. అది పక్కన పడేసి, కొబ్బరినూనె డబ్బా రేకుతో కొత్త పట్టీ చేసి, బాణం పైకి చూసుకుని మరీ బిగించాను. కంపెనీవాడు దాన్ని పడుకోబెట్టి వదిలేశాడు, బాణం ముందుకి పెట్టి! నేను సరిచేశాను. కాబట్టి ఎవరో తప్పుగా కూర్చోబెట్టారన్న మాట కుదరదు. కూర్చోబెట్టింది నేనే.

ఇంకేమైనా సిద్ధాంతం ఉంటే రాయి.

ఆరోగ్యం

*

చింతలపూడి
31 జూలై, గురువారం

అన్నయ్యా,

అట్టపెట్టె మీద బాణం పైకి ఎందుకుంటుంది? పెట్టె కదలకుండా ఆ వైపుగా కూర్చోవాలని.

కారు ఎటు పోతుంది అన్నయ్యా? పైకా?

మగ్దలేన

*

ముసునూరు
4 ఆగస్టు, సోమవారం

మగ్దలేనా,

గురువారం సాయంత్రం పెద్దిరాజు నీ ఉత్తరం ఇచ్చాడు. ఇంత చిన్న ఉత్తరం రాయడానికి కాగితం మొత్తం వాడావేంటి అనుకుని చదివాను. చదివి వెళ్లి కారులో కూర్చున్నాను. తబితా రెండుసార్లు భోజనానికి పిలిచింది.

శుక్రవారం పొద్దున్నే ఆ పాత రేకు వెతికాను. చెత్తలో దొరికింది. సుత్తితో నెమ్మదిగా సాపు చేసి, పెట్టెని పడుకోబెట్టి, బాణం బానెట్ వైపు పెట్టి బిగించాను. తొమ్మిది పాయింట్ ఎనిమిది పోయింది. సున్నా పాయింట్ నాలుగు మిగిలింది. ఆ నాలుగు ఎక్కడిదా అని చూస్తే మా వాకిలి ఏటవాలుగా ఉంది. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెచ్చి నేలంతా కొలిచాను. ఈ ఊళ్లో నాలుగు చక్రాలూ సమంగా నిలబడే చోటు మన షెడ్డు లోపలి గచ్చు ఒక్కటే. అక్కడ నిలబెడితే సున్నా వచ్చింది. జాగాలో తిప్పితే యావ రేటు పన్నెండు, పదిహేను అని పలికింది. తబితా చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు.

దీపం మాత్రం ఆరలేదు. శనివారం విస్సన్నపేట నుంచి ఒక మెకానిక్‌ని పిలిపించాను. పెద్ద పరికరం తెచ్చి, ఆ గచ్చు మీదే సున్నాలన్నీ మళ్లీ నేర్పించాడు. ఆరిపోయింది. "ఎవరు సార్ దీన్ని నిలబెట్టి బిగించింది? మామిడికాయలోళ్లా?" అన్నాడు. అవునన్నాను.

నిన్న ఆదివారం హరీష్, రాఘవయ్య వచ్చారు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నువ్వు అడిగినట్టు.

దీపం ఆరి ఉండడం చూసి హరీష్ "పెట్టె మార్చారా మావయ్యా?" అన్నాడు. లేదు, సరిచేశానన్నాను. "అమ్మ గుంతలో దించినందుకు కదిలిందా?" అన్నాడు. ఊ అంటే సరిపోయేది. దీపం ఆరింది, కారు బాగైంది, నువ్వు అక్కడ లేవు. తబితా గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి నా వైపే చూస్తోంది. "మీ అమ్మ దేన్లోనూ దించలేదురా" అన్నాను. చీమల దగ్గర్నుంచి కొబ్బరినూనె రేకు దాకా మొత్తం చెప్పాను. బాణం సంగతి చెప్తుంటే రాఘవయ్య ఆపుకోలేకపోయాడు. "అంటే ఏంటండీ, కారుని ఢిల్లీ పార్సెల్ అనుకున్నారా?" అని తొడ మీద కొట్టుకుని నవ్వాడు. నవ్వనీ. ఆయన స్థానంలో నేనుంటే ఊరంతా తిరిగి చెప్పేవాణ్ని. ఈపాటికి ఆయనా చెప్పే ఉంటాడు.

హరీష్ నవ్వలేదు. కాసేపు కారు చుట్టూ తిరిగి వచ్చి అన్నాడు. "మావయ్యా, నెల రోజుల పైన అమ్మ ఈ కారు నడిపింది. జూన్ వానల్లో. జారితే పట్టుకునేది లేకుండా." అంతే అన్నాడు.

రాఘవయ్యని పంపించేశాడు. కాని కారు ఇంక అమ్మను అని మాత్రం అనలేదు. "దీపం ఆరితే భయం ఆరదు కదా మావయ్యా. బుధవారం అమ్మని తీసుకొస్తాను. వాన పడినా సరే, చింతలపూడి దాకా తనే నడపాలి. నేను పక్కన కూర్చుంటాను. నాకు ఒక్కసారి భయమేసినా సరే, గురువారం అమ్మేస్తాను" అన్నాడు. వాడి భయానికి సున్నా ఎలా పెట్టాలో ఆ మెకానిక్‌కి కూడా తెలీదు.

నువ్వు లైసెన్సు తెచ్చుకున్న రోజు నేనన్న మాట, ఆ రోజు అందరూ నవ్వారు కాబట్టి బాగుందనుకున్నాను. ఇప్పుడు చదివితే అంత బాలేదు. చక్రాలు శుభ్రంగా ఉన్నాయి. టైర్లలో గాలి చూశాను. లోపల రసం వాసన ఇంకా కొంచెం ఉంది.

ఆరోగ్యం

*

చింతలపూడి
7 ఆగస్టు, గురువారం

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఇంత పొడుగుంది, క్షమించు అన్న మాట ఎక్కడా లేదు. రెండుసార్లు వెతికాను. గాలి చూశాను అన్నదే ఆ మాట అయ్యుంటుందని సౌభాగ్యలక్ష్మి అంది. ఆమె తెలుగు చెప్పింది కాబట్టి నమ్ముతున్నాను.

నిన్న మీ వాకిట్లోంచి కదిలేదాకా నువ్వు చూశావు. నువ్వు చూడనిది చెప్తాను. దగ్గర దారి వదిలేసి విస్సన్నపేట మీదుగా వెళ్లాను, నేను ఎప్పుడూ వెళ్లే రోడ్డు కాబట్టి. నూజివీడు దాటేసరికి వాన పట్టుకుంది. హరీష్ సీటు బెల్టు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. "అమ్మా, ముందు లారీ" అన్నాడు. చూశానన్నాను. "అమ్మా, మలుపు" అన్నాడు. "పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉందిరా ఆ మలుపు" అన్నాను. కాలు బ్రేకు మీద ఉన్నట్టు తన వైపు నేలని తొక్కుతూనే ఉన్నాడు. అక్కడ బ్రేకు లేదని చెప్పలేదు.

విస్సన్నపేట దాటాక వాన ఇంకా పెరిగింది. వైపర్లు పెద్ద వేగంలో పెట్టాను. ఒకచోట నీళ్లు రోడ్డు మీదుగా పారుతున్నాయి, నెమ్మదిగా దాటించాను. వాడేమీ అనలేదు. కాసేపటికి కూడా ఏమీ అనకపోతే పక్కకి చూశాను.

తల కిటికీకి ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చింతలపూడిలో ఇంటి ముందు ఆపి, ఇంజను తీసేసి లేపాను.

మగ్దలేన